ఎకరం అమ్మి ఫ్లాట్ కొనుడా? జర లెక్క జూసుకుందం తమ్మీ

2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రిజర్వు బ్యాంకు మూడుసార్లు రెపో రేటు తగ్గించింది. 6.5 శాతం ఉన్నది 5.5 కు దిగింది. గా వార్త వచ్చిన కాన్నుంచి ఫోన్ తెరిస్తె సాలు, ఫ్లాట్ల యాడ్లే. "ఈఎంఐ తగ్గింది, ఇంక కిరాయి ఎందుకు?" అని ఒకడు. "కిరాయి అంటె నీళ్లల్ల పోసిన పైసలు" అని ఇంకొకడు. నిజాంపేట, బాచుపల్లి, తెల్లాపూర్, కొల్లూరు... రోడ్డుకు అటు ఇటు హోర్డింగులు. హోర్డింగు మీద నవ్వుకుంట ఒక జంట, ఒక పాప, ఒక కుక్క. ఆ బొమ్మల బాపు ఉండడు, అవ్వ ఉండది, బ్యాంకు మేనేజర్ అసలే ఉండడు.

గీ యాడ్లు చూసేది పట్నంల పుట్టినోళ్లు ఒక్కలే కాదు. ఊర్ల సదువుకోని, డిగ్రీనో బీటెక్కో చేసి, అమీర్‌పేటల కోర్సు నేర్చుకోని, పట్నంల నౌకరీ పట్టిన మనసొంటోళ్లు గూడ చూస్తున్నరు. మనకు, వాళ్లకు ఒక్కటే తేడా. పట్నపోళ్లు ఫ్లాట్ కొనాల్నంటె పాత ఫ్లాట్ అమ్ముతరు. మనం భూమి అమ్ముతం. గందుకే ఇది ఇల్లు కొనుడు ముచ్చట మాత్రమే కాదు, ఊర్ల భూమి ముచ్చట గూడ.

నా సంగతే చెప్త. మాది సిద్దిపేట అవతల, దుబ్బాక దిక్కు. పట్నం వచ్చి తొమ్మిదేండ్లాయె. ఇప్పటికి నాలుగు కిరాయి ఇండ్లు మారిన. చేతికొచ్చే జీతం 82 వేలు. నేనుండే డబుల్ బెడ్రూం కిరాయి 20 వేలు, మెయింటనెన్స్ వేరే. ఈ మధ్య సంబంధాలు చూస్తున్నరు. పొల్లగాడు తాగుతడా, మంచోడేనా అని అడుగుడు తర్వాత, ముందుగాల "హైదరాబాద్ల సొంత ఫ్లాట్ ఉన్నదా?" అని అడుగుతున్నరు. రెండు సంబంధాలు గీ ఒక్క మాట కాన్నే ఆగినయి. దాంతోని మా బాపు ఒకనాడు ఫోన్ చేసి, "రోడ్డు పొంటి ఎకరం అమ్ముదాం బిడ్డా, 30 లక్షలు ఇస్తా అంటున్నరు" అన్నడు. ఆయన గొంతుల బాధ లేదు, కోపం లేదు. ఎడ్లను అమ్ముదామన్నట్టె అన్నడు. నేను "జర ఆగు బాపు, లెక్క చూస్త" అన్న. ఆ లెక్కనే మీ ముంగట పెడుతున్న. మీ జీతం వేరే ఉంటది, మీ ఫ్లాట్ రేటు వేరే ఉంటది, అంకెలు మార్చుకోని చూసుకోండ్రి.

నేను చూసిన ఫ్లాట్ 1200 ఎస్ఎఫ్టీ, కడుతున్న బిల్డింగుల. రేటు 70 లక్షలు. 1200 అంటె 1200 కాదు, అది ముందుగాల తెలుసుకోవాలె. గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్ని కలిపి చెప్పే లెక్క అది. మనం చాప పరుసుకోని పండే జాగ, అంటె కార్పెట్ ఏరియా, 900 కూడ దాటలేదు. రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా లెక్క చెప్పాలె. అడిగితె చెప్తరు. అడగకుంటె చెప్పరు.

30 లక్షల నుంచి 75 లక్షల దాకా లోన్‌కు ఇంటి విలువల 80 శాతం కంటె ఎక్కువ ఇయ్యొద్దని రిజర్వు బ్యాంకు రూలు. అంటె 70 లక్షల ఫ్లాట్‌కు 56 లక్షలు దాకా రావొచ్చు. కానీ నా జీతానికి అంత రాదు. జీతంల సగం మించి ఈఎంఐ ఉండొద్దని బ్యాంకాయన చెప్పిండు. 41 వేల ఈఎంఐ అంటె, 8 శాతం వడ్డీ, 20 ఏండ్లకు, 49 లక్షల లోన్. మిగిలిన 21 లక్షలు మనం పెట్టాలె. అయిపోయిందా? కాలే. రిజిస్ట్రేషన్ సుమారు ఏడున్నర శాతం, అంటె ఐదు లక్షల పైన. కడుతున్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, మూడున్నర లక్షలు. రిజిస్ట్రేషన్‌కు బ్యాంకు లోన్ ఇయ్యది. మొత్తం లెక్కగడితె 30 లక్షలు. మా ఎకరం ఎంతకు పోతదన్నరు? గంతే. పైసకు పైస సరిపోయింది. ఇంక వుడ్ వర్క్, ఫ్యాన్లు, కరెంటు మీటరు, కారు పార్కింగు, కార్పస్ ఫండ్, గృహప్రవేశానికి ఊరోళ్లకు దావత్... అది నా జేబుల నుంచి.

ఇప్పుడు నెలనెలా లెక్క. 41 వేల ఈఎంఐల మొదటి నెల వడ్డీకే 32 వేల పైన పోతది. అసలుకు పొయ్యేది 8 వేల పైచిలుకు. ఐదేండ్లు క్రమం తప్పకుంట కడితె నేను బ్యాంకుకు ఇచ్చేది ఇరవై నాలుగున్నర లక్షలు. అసలు తగ్గేది ఆరు లక్షలు. "కిరాయి నీళ్లల్ల పోసిన పైసలు" అన్నోనికి ఒకటే అడగాలె: మరి ఈ పద్దెనిమిదిన్నర లక్షల వడ్డీ ఎండ్ల పోసినట్టు? 20 వేల కిరాయి ఓనర్‌కు కట్టుడు తప్పంటె, 32 వేల వడ్డీ బ్యాంకుకు కట్టుడు ఎట్ల ఒప్పు? ఓనర్ కాడ జాగ కిరాయికి తెచ్చుకుంటం, బ్యాంకు కాడ పైసలు కిరాయికి తెచ్చుకుంటం. రెండూ కిరాయిలే. పట్నంల 70 లక్షల ఇల్లు సంవత్సరానికి రెండు లక్షల నలభై వేల కిరాయికి దొరుకుతున్నది, అంటె మూడున్నర శాతం కూడ కాదు. పైసలు మాత్రం 8 శాతానికి దొరుకుతున్నయి. ఏది అగ్గువనో సూడుండ్రి.

రేటు తగ్గిందన్న ముచ్చటకొద్దాం. 9 శాతం నుంచి 8 కు వస్తె నా 49 లక్షల మీద ఈఎంఐ 3,100 తగ్గుతది. మంచిదే. అదే టైంల బిల్డర్ ఎస్ఎఫ్టీకి 500 పెంచిండనుకో, 1200 ఎస్ఎఫ్టీకి 6 లక్షలు పెరిగినట్టు. ఆ 6 లక్షలకు ఈఎంఐ నెలకు 5 వేలు. రిజర్వు బ్యాంకు ఇచ్చింది ఒక చేతిల, బిల్డర్ తీసుకున్నది రెండో చేతిల. యాడ్ల మొదటి సగమే ఉంటది.

ఇంకోటి, తగ్గిన వడ్డీ తగ్గినట్టే ఉండది. 2020 మే నుంచి రెపో 4 శాతం ఉండె. అది శాశ్వతం అనుకోని 2021 ల లోన్ తీసుకున్నోళ్లు మస్తుమంది. 2022 మే నుంచి పెంచుడు మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్ల 6.5 చేసిండ్రు. చానా బ్యాంకులు ఈఎంఐ పెంచకుంట నెలల లెక్క పెంచినయి. 20 ఏండ్లకు తీసుకున్నోడు రెండేండ్లు కట్టినంక చూసుకుంటె ఇంక 25 ఏండ్లు ఉన్నట్టు చూపెట్టింది. లొల్లి అయినంక 2023 ఆగస్టుల రిజర్వు బ్యాంకు చెప్పింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాల్నా, టైం పెంచాల్నా అని లోన్ తీసుకున్నోన్ని అడగాలె అని. ఇది గుర్తుపెట్టుకోండ్రి, లోన్ ఉన్నోళ్లు బ్యాంకుకు పోయి అడిగే హక్కు ఉన్నది. ఫ్లోటింగ్ రేటు లోన్‌ను ముందుగాల కట్టేస్తె జరిమానా కూడ ఉండది.

"టాక్స్ మిగుల్తది గదా" అని మా మేనబావ అంటడు. పాత పద్ధతిల ఇంటి వడ్డీ మీద రెండు లక్షల దాకా మినాయింపు ఉండె, ఇప్పటికీ పాత పద్ధతి ఎంచుకుంటె ఉన్నది. కొత్త పద్ధతిల మనం ఉండే ఇంటి వడ్డీకి మినాయింపు లేదు. 2025-26 సంది కొత్త పద్ధతిల జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా టాక్సే పడది. నా జీతానికి టాక్సే లేనప్పుడు మిగిలేదేంది? సేల్స్ పిల్లగాడు గీ పాత పాటనే ఇంక పాడుతున్నడు.

ఇగ అసలు మాట. భూమి.

ఎకరం అంటె 40 గుంటలు, 4,840 గజాలు. నేను చూసిన బిల్డింగు సుమారు ఎకరం జాగల వంద ఫ్లాట్లు. ఒక్కొక్క ఫ్లాట్‌కు కాగితం మీద వచ్చే భూమి వాట 48 గజాలు. గుంటంటె 121 గజాలు. అంటె నాకు గుంటల సగం కూడ రాదు. ఊర్ల 40 గుంటలు పోగొట్టుకోని, పైన 49 లక్షల అప్పు జేసి, పట్నంల సగం గుంట కంటె తక్కువ తెచ్చుకునుడు. ఆ సగం గుంట ఎటు దిక్కున్నదో కూడ చూపెట్టరాదు, అది అందరితోని కలిసి ఉన్న వాట. బిల్డింగు పాతబడే కొద్ది గోడల విలువ తగ్గుతది. పెరిగేది భూమి ధర. ఫ్లాట్ రేటు పెరిగిందని సంబురపడేటోళ్లు నిజానికి ఆ 48 గజాల రేటు పెరిగిందని సంబురపడుతున్నరు.

పట్నంల భూమి ధర ఎందుకు గింత పెరుగుతున్నదంటె సర్కారు చెయ్యి గూడ ఉన్నది. 2023 ఆగస్టుల కోకాపేట నియోపోలిస్ వేలంల ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. గజం లెక్క చూస్తె రెండు లక్షల ఎనిమిది వేలు. అమ్మింది ఎవలు? హెచ్ఎండీఏ. సర్కారే గంత రేటు కట్టినంక, పది కిలోమీటర్ల అవతల చెలక ఉన్నోడు గూడ నాది కోకాపేట పక్కనే అంటడు. ఖజానాకు పైసలొచ్చినయి, మంచిదే. ఆ రేటు చివరికి ఎవని ఈఎంఐల కలుస్తదో మాత్రం ఏ పార్టీ చెప్పలే. ఊర్ల జాగ ఉన్నోనికి ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నరు. పట్నంల కిరాయికి ఉన్నోని కోసం ఏ మ్యానిఫెస్టోల ఎంత రాసిండ్రో వెతుక్కోవాలె.

మా ఎకరం గొప్పదని నేను అంటలేను. కౌలుకిస్తె సంవత్సరానికి 15 వేలు రావు. రైతు భరోసా ఎకరానికి 12 వేలు. 30 లక్షల ఆస్తి మీద గింత రాబడి అంటె బ్యాంకుల ఏసిన పైసలే నయం. లెక్కల మనిషి ఎవలైనా అమ్ముమనే చెప్తడు. కానీ నా నౌకరీ పోతె ఈఎంఐ ఆగది. మూడు నెలలు కట్టకుంటె లోన్ మొండి బకాయిల పడుతది, తర్వాత ఇంటికి నోటీసు అంటుకుంటది. మా కంపెనీలనే పోయినేడు పదిమందిని ఒక్కసారె పంపిచ్చిండ్రు. అప్పుడు నాకు అండ ఏంది? గా ఎకరమే గదా. ఆ ఎకరం అమ్మి ఆ అప్పే నెత్తికెత్తుకుంటె, పడితె పట్టేటోడు ఎవడు?

ఇంక ఒకటి, మగపిల్లలు మాట్లాడని ముచ్చట. ఆ భూమి మా తాతది. మా అక్కకు వాట ఉన్నది. మన దగ్గర ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిల సమాన వాట 1985 నుంచే చట్టంల ఉన్నది, దేశమంత 2005 ల వచ్చింది. తమ్మునికి ఫ్లాట్ కావాల్నని అక్కతోని సంతకం పెట్టిచ్చుకోని, కట్నం ఇచ్చినం గదా అని మాట దాటేసుడు ఎన్ని ఇండ్లల్ల జరుగుతలేదు? నా ఫ్లాట్ల మా అక్క పైసలు పది లక్షలు ఉంటయి, కాగితం మీద పేరు మాత్రం నాదొక్కనిదే ఉంటది. ఇది ఈఎంఐ క్యాలిక్యులేటర్ల రాదు.

ఇగ రిస్కు. 2024 జులైల హైడ్రా వచ్చింది. ఆగస్టుల మాదాపూర్ తమ్మిడికుంట చెరువు కాడ ఎన్ కన్వెన్షన్ కూలగొడితె జనం సప్పట్లు కొట్టిండ్రు. సెప్టెంబర్ల మల్లంపేట కత్వ చెరువు కాడ విల్లాలు కూలినయి. చెరువుల జాగ కాపాడుడు తప్పు కాదు, వానకు పట్నం మునుగుతున్నదంటె చెరువులు మింగుడే కారణం. కానీ ఇల్లు కూలినా లోన్ కూలది. అమ్మినోడు పైసలు తీసుకోని పోతడు, పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరు బదిలీ మీద పోతడు, ఈఎంఐ మాత్రం అయిదో తారీఖున అకౌంట్ల నుంచి కట్ అయితది. బ్యాంకు లోన్ ఇచ్చింది గదా, అంటె కాగితాలు మంచిగున్నట్టే అనుకోవద్దు. బ్యాంకు దాని పైసలు ఎట్ల వసూలు చేసుకోవాల్నో చూసుకుంటది, మన ఇంటి సంగతి మనమే చూసుకోవాలె. హెచ్ఎండీఏ చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఆన్‌లైన్ల ఉన్నయి. ఊర్ల నక్ష చూసుడు మనకు వస్తది గదా, గది గూడ గసొంటిదే.

ప్రీలాంచ్ జోలికి మాత్రం పోవద్దు తమ్మీ. "ఇప్పుడు కడితె సగం రేటుకే, రిజిస్ట్రేషన్ తర్వాత" అంటరు. 8 ఫ్లాట్ల కంటె ఎక్కువున్నా, 500 చదరపు మీటర్లు దాటినా, రెరా నంబర్ లేకుంట యాడ్ ఇచ్చుడే నేరం. అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుంట పది శాతం కంటె ఎక్కువ తీసుకోవద్దని చట్టంల 13వ సెక్షన్ల ఉన్నది. మన కాడ తీసుకున్న పైసలల్ల 70 శాతం ఆ బిల్డింగు అకౌంట్లనే ఉంచాలె. టైంకు ఇయ్యకుంటె వడ్డీతోని వాపస్ అడగొచ్చు. చట్టం మంచిగనే ఉన్నది. కానీ చట్టం రెరా నంబర్ ఉన్నోని మీద మంచిగ పని చేస్తది. నంబర్ లేనోనికి పైసలిచ్చి ఏండ్ల తరబడి పోలీసు స్టేషన్ల చుట్టు తిరిగేటోళ్లను పట్నంల ఎవల్ని అడిగినా చెప్తరు. అండ్ల ఊర్ల భూమి అమ్మి కట్టినోళ్లు తక్కువేం లేరు.

గిట్ల చెప్తుంటె కిరాయి బతుకు బంగారం అన్నట్టు అయితున్నది. కాదు. అసలు జనం సొంతిల్లు ఎందుకు కోరుకుంటరో లెక్కలల్ల దొరకది.

టులెట్ బోర్డు నంబర్‌కు ఫోన్ చేస్తె రెండో ప్రశ్న, "మీరేమిటోళ్లు?" మూడో ప్రశ్న, "నాన్‌వెజ్ తింటరా?" పేరు చెప్పంగనే "ఇప్పుడే వేరేటోళ్లకు ఇచ్చినం" అని పెట్టేస్తరు. దళితులకు, ముసల్మానులకు గీ అనుభవం లేని ఇల్లు ఉండది. పెండ్లి కానోళ్లయితె ఇంక దొంగలకింద లెక్క. సుట్టాలొస్తె నీళ్లు ఎక్కువ వాడుతున్నరని ఓనర్ అమ్మ మెట్ల మీదనే నిలబడి లెక్కవెడ్తది.

అన్నిటికంటె పెద్దది సావు. మా దోస్తు నాయిన పట్నం దవాఖానల సచ్చిపోయిండు. కిరాయి ఇంటికి తేవద్దని ఓనర్ ఫోన్‌లనే చెప్పిండు. ఇల్లు మైల పడుతది, మళ్ల ఎవలు కిరాయికి రారు అన్నడు. పదేండ్ల సంది ఆయన అదే ఇంట్ల ఉన్నడు. రాత్రి పన్నెండింటికి అంబులెన్సుల పెట్టుకోని సక్కగ ఊరికే పోయినం, వాకిట్ల ఐదు నిమిషాలు దించుడు గూడ కాలే. గిసొంటి ముచ్చట ఇన్నోడు ఎవడైనా కిరాయి లెక్క పక్కకు పెట్టి, అప్పయినా సరే సొంత గోడలు కావాల్నంటడు. మా బాపు గూడ గీ ముచ్చట ఇన్నంకనే ఎకరం మాట ఎత్తిండని నా అనుమానం.

దీనికి మందు ఫ్లాట్ ఒక్కటే అని మాత్రం నేను ఒప్పుకోను. కేంద్రం 2021 ల ఒక నమూనా కిరాయి చట్టం తయారు జేసింది. రెండు నెలల కిరాయి కంటె ఎక్కువ అడ్వాన్సు తీసుకోవద్దు, రాతపూర్వకంగ అగ్రిమెంట్ ఉండాలె, కిరాయి పెంచాల్నంటె మూడు నెలల ముందు నోటీసియ్యాలె అని అండ్ల ఉన్నది. రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగ చేసుకోవాలె. అండ్ల కూడ కులం అడగొద్దని, శవం ఆపొద్దని లేదు. ఫ్లాట్లకు మెట్రో వస్తదా, ఫోర్ లైన్ రోడ్డు వస్తదా అని అసెంబ్లీల మాట్లాడేటోళ్లు, లచ్చల మంది కిరాయిదార్ల గురించి ఒక్కపూట మాట్లాడరాదా? మనం గూడ అడుగుతలేం. ఎందుకంటె కిరాయికి ఉన్న ప్రతోడు "నేను రేపో మాపో కొంట" అనుకుంటడు. కిరాయిదారు అని చెప్పుకునుడే నామోషీ.

అవ్వబాపుల్ని పట్నంల దగ్గర పెట్టుకున్నోళ్లకు, పదేండ్లు అదే ఏరియాల ఉంటమని నమ్మకం ఉన్నోళ్లకు, భూమి ముట్టకుంట మూడోవంతు పైసలు పోగైనోళ్లకు కొనుడు తప్పు కాదు. ఓసీ వచ్చిన రెడీ ఫ్లాట్ అయితె జీఎస్టీ కూడ ఉండది. పాత బిల్డింగుల అయితె భూమి వాట ఎక్కువ వస్తది, లిఫ్టు లేకపోయినా ఏం కాదు. నా సంగతి అది కాదు. మా అవ్వబాపులు ఊర్ల పెంకుటింట్ల ఉన్నరు, వేపచెట్టు కింద మంచం ఏసుకోని. పట్నం రమ్మంటె రారు.

మరి కిరాయికి ఉండుడు ఎప్పటిదాకా లాభం? కిరాయి సంవత్సరానికి 7 శాతం పెరిగినా, 20 వేలు 41 వేలు దాటాల్నంటె పదకొండేండ్లు పడుతది. అప్పటిదాకా మిగిలే పైసలు ఎటు పోయినయి అన్నదే అసలు ప్రశ్న. మొదటి నెల తేడా 21 వేలు. అది ఐదేండ్లు ఆరున్నర, ఏడు శాతం రికరింగ్ డిపాజిట్ల ఏస్తె పదిహేను లక్షల దగ్గరికి అయితది. అది ఐఫోన్‌కు, గోవాకు, దోస్తుల దావత్‌లకు పోతె మాత్రం బ్యాంకోడే నయం, కనీసం మెడల మీద కూసోని ఆరు లక్షల అసలు కట్టిపిస్తడు. ఈ ఐదేండ్లల్ల ఫ్లాట్ రేటు 70 నుంచి 85 కు పోతె నా పదిహేను దాని ఎంబడి ఉరుకుడుకే సరిపోతది, అది గూడ నాకు తెలుసు. ఆ నష్టం భరించొచ్చు, ఎకరం పోతె భరించలేను అనిపించింది.

బాపుకు ఫోన్ల గిదంత చెప్పలే. ఊరికి పోయి, కూసోని, నోట్‌బుక్కుల రాసి చూపెట్టిన. 4,840 పక్కన 48 రాసినప్పుడు ఆయన శానసేపు దిక్కు చూసిండు. "మరి పిల్లనెవరిస్తర్రా?" అన్నడు. దానికి నా కాడ లెక్క లేదు. కొనేటాయనకు మాత్రం అమ్ముతలేమని తెల్లారే చెప్పిండు. నేను 21 వేలు అనుకున్న, 18 వేలతోని ఆర్డీ మొదలుపెట్టిన. అగ్రిమెంట్ వచ్చే నెల అయిపోతది. ఓనర్ రెండు వేలు పెంచుతా అంటున్నడు, వెయ్యికి ఒప్పిద్దమని చూస్తున్న.